పగడపు ఇంటి సీతాకోకలు

మా ఇంటి ముందు గదిలో ఒక అద్దాల తొట్టి ఉంది. అందులో ఇప్పుడు నీళ్ళు లేవు, చేపలూ లేవు. మా అమ్మాయి తన కథల పుస్తకాలు అందులో సర్దుకుంటోంది. ఆ తొట్టి ఖాళీ కావడానికీ, మేము కుటుంబ సమేతంగా అరేబియా సముద్రం మీద నాలుగు వందల కిలోమీటర్లు ప్రయాణించడానికీ సంబంధం ఉంది. చెప్పుకోవడానికి కొంత సిగ్గుగా ఉన్నా చెప్పక తప్పదు.

రెండేళ్ళ క్రితం పట్టణంలోని ఒక దుకాణంలో మా అమ్మాయి రెండు చేపలను చూసి అక్కడే నిలబడిపోయింది. అరచేతిలో ఇమిడేటంత దేహం, పసుపు మేని మీద సన్నని ఊదారంగు గీతలు, కంటి మీదుగా కాటుక దిద్దినట్టు ఒక నల్లని చార. "ఇవి సముద్రపు చేపలు. సీతాకోక చేపలంటారు. ఏ మేత వేసినా తింటాయి" అని దుకాణదారు భరోసా ఇచ్చాడు. ఉప్పు కలిపిన నీళ్ళు, గాలి బుడగల యంత్రం, డబ్బాల్లో మేత, అన్నీ సమకూర్చాము. చేపలు మాత్రం మేతను ముట్టలేదు. గింజలు వాటి మూతి పక్క నుంచే జారి అడుగుకు చేరేవి. తొట్టిలోని రాళ్ళను ఒకదాని తరువాత ఒకటి మూతితో తడిమి చూసి అవి వెనుదిరిగేవి. పదకొండవ రోజు ఒకటి, పదమూడవ రోజు రెండవది చనిపోయాయి.

"మనం పెట్టింది వాటికి అన్నం కాదా, అబ్బా?" అని అమ్మాయి అడిగింది.

అప్పుడు మా వద్ద సమాధానం లేదు. తరువాత పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నాము గానీ, కాగితం మీది సమాధానంతో ఆ పసి మనసు ఊరడిల్లలేదు. "అవి తమ ఇంట్లో ఏం తింటాయో చూడాలి" అన్నది. వాటి ఇల్లు చూడడానికే మేము లక్షద్వీప్ వెళ్ళాము.

మన తీరాన లేని ఇల్లు

మాది నెల్లూరు జిల్లా. మైపాడు తీరాన అలలతో ఆడుకుంటూ పెరిగినవాళ్ళమే. ప్రయాణం సంగతి విని మా పిల్లల దాదీ, "సముద్రం చూడడానికి అంత దూరం దేనికి? ఇక్కడ ఉన్నది సముద్రం కాదా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ సీతాకోక చేప నివసించేది పగడపు దిబ్బల్లో. పగడాలు దిబ్బలుగా పెరగాలంటే నీరు వెచ్చగా, ఉప్పగా ఉండడమే కాక, సూర్యకాంతి అడుగుదాకా దిగేటంత తేటగా ఉండాలి. గోదావరి, కృష్ణ, పెన్న నదులు ఏటేటా ఒండ్రుమట్టినీ మంచినీటినీ తెచ్చి మన తీరంలో కలుపుతాయి. మన పొలాలకు ప్రాణం పోసే ఆ ఒండ్రే పగడాలకు ఊపిరాడనివ్వదు. అందుకే ఆంధ్ర తీరంలో పగడపు దిబ్బలు ఏర్పడలేదు. మన దేశంలో అవి ప్రధానంగా మన్నారు సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖ, అండమాన్ నికోబార్, లక్షద్వీప్ ప్రాంతాలలో ఉన్నాయి. వీటిలో ఉంగరం ఆకారపు పగడపు దీవులకు, అంటే అటోల్‌లకు, పేరెన్నిక గన్నది లక్షద్వీప్.

అలాగని ఆ దీవులతో తెలుగు నేలకు చుట్టరికమే లేదనుకోరాదు. సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరాల క్రితం భూగర్భం నుండి ఉబికిన లావా దక్కన్ పీఠభూమి మీద పొరలు పొరలుగా పరచుకుంది. తెలంగాణలో వికారాబాదు, ఆదిలాబాదు ప్రాంతాల నల్లరాయి అలా ఏర్పడినదే. భారత భూఖండం ఉత్తరానికి జరుగుతున్న కొద్దీ అదే అగ్నిస్థానం సముద్రగర్భంలో కొండల వరుసను నిలిపింది. ఆ కొండలు మెల్లగా నీటిలోకి కుంగుతుండగా, వాటి శిఖరాల మీద పగడాలు వెలుతురు కోసం పైపైకి ఇల్లు కట్టుకుంటూ వచ్చాయి. కొండ మునిగింది, పగడపు ఉంగరం మిగిలింది. అటోల్ ఇలా పుడుతుందని చార్లెస్ డార్విన్ 1842లో వివరించాడు. లక్షద్వీప్, దానికి దక్షిణాన మాల్దీవులు, ఇంకా కిందికి చాగోస్ దీవులు అదే వరుసలోనివి.

ఓడ మీద ఒక రాత్రి

లక్షద్వీప్‌లో అడుగు పెట్టాలంటే ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి. అది చేతికి వచ్చాక మేము కొచ్చిలో ఓడ ఎక్కాము. రాత్రి ఓడలోనే బస, పగలు దీవుల్లో విహారం. కవరత్తి, కల్పేని, మినికాయ్ మా మజిలీలు. దాదీకి మొదట్లో ఓడ ఊగిసలాట భయపెట్టింది గానీ, ఇషా నమాజు తరువాత పైకప్పు మీద కూర్చుని నక్షత్రాలు చూస్తూ ఆ భయం మరచిపోయారు.

తెల్లవారేసరికి సముద్రం రంగు మారింది. రాత్రంతా సిరాలా ఉన్న నీటి అంచున ఒక తెల్లని నురుగు గీత, గీతకు ఆవల పాలపిట్ట రెక్కల నీలం, ఆ నీలానికి ఆవల కొబ్బరి చెట్ల వరుస. ఆ నురుగు గీతే పగడపు దిబ్బ. దిబ్బకూ దీవికీ మధ్య ఉన్న నిశ్చలమైన లోతు తక్కువ నీటిని లగూన్ అంటారు. ఓడ దిబ్బ దాటి లోనికి రాలేదు గనుక బయటే లంగరు వేసుకుంది. చిన్న పడవల్లో మమ్మల్ని ఒడ్డుకు చేర్చారు.

లక్షద్వీప్‌లో మొత్తం 36 దీవులు. జనం నివసించేవి 10 మాత్రమే. అన్నింటి నేల కలిపితే 32 చదరపు కిలోమీటర్లు. 2011 జనగణన ప్రకారం జనాభా 64,473. వారిలో నూటికి తొంభై ఆరు మందికి పైగా ముస్లిములు. ఆ నేల సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తు మాత్రమే. చుట్టూ ఉన్న దిబ్బ అలల ఉరవడిని తన మీద ధరించబట్టే లోపల ఇళ్ళూ, మసీదులూ, బడులూ నిలిచి ఉన్నాయి. మేము చేపల ఇల్లు చూడడానికి వచ్చామనుకున్నాము. మనుషుల ఇల్లు కూడా అదేనని అడుగు పెట్టిన గంటలోనే తెలిసింది.

కవరత్తి: అద్దం కింద

కవరత్తిలో అడుగున అద్దం బిగించిన పడవ ఎక్కాము. పడవ నడిపే పెద్దమనిషికి యాభై ఏళ్ళు ఉంటాయి. అక్కడివారు పిలిచినట్టే మేమూ ఆయనను "ఇక్కా" అని పిలిచాము. ఆయన మాతృభాష మలయాళపు ఒక యాస. మాతో ఆయన హిందీలో మాట్లాడారు. "అస్సలాము అలైకుమ్" అన్న మొదటి మాటతోనే దాదీకి ఆయన బంధువైపోయారు.

కొంతదూరం వరకు అద్దం కింద ఇసుక తప్ప మరేమీ లేదు. ఉన్నట్టుండి కొమ్మలు కొమ్మలుగా, పళ్ళేలుగా, గుండ్రాళ్ళుగా పగడాలు కనిపించాయి. వాటి నడుమ పండుగనాటి వీధిలా రద్దీ. నల్ల అడ్డచారల సార్జెంటు చేపలు గుంపులుగా పడవ నీడలోకి వచ్చాయి. నీలి ఆకుపచ్చల చిలుక చేపలు రాతిని కొరుకుతున్నాయి. సర్జన్ చేపలు మందగా కదులుతూ నాచు మేస్తున్నాయి. అంతలో అమ్మాయి అద్దానికి ముఖం ఆనించి, "అబ్బా, అవే!" అని అరిచింది.

అవే. పసుపు మేను, ఊదా గీతలు, కాటుక చార. రెండూ పక్కపక్కనే, అడుగు దూరం మించి ఎడం కాకుండా తిరుగుతున్నాయి. ఒకటి ఒక పగడపు కొమ్మ దగ్గర ఆగి, సన్నని మూతితో చటుక్కున ఒక్కసారి గిల్లి మరో కొమ్మకు సాగింది. రెండవది అదే చేసింది. మళ్ళీ మళ్ళీ అదే. వంద చోట్ల ఒక్కొక్క మెతుకు ఏరుకుని తింటున్నట్టు ఉంది.

"చూశావా బేటీ, అదే వాటి అన్నం" అన్నారు దాదీ.

మేము పుస్తకంలో చదివినది అప్పుడు కళ్ళకు కట్టింది. సీతాకోక చేపల కుటుంబంలో సుమారు 130 జాతులున్నాయి. వీటి పళ్ళు కుంచె వెంట్రుకల్లా సన్నగా ఉంటాయి. కుటుంబానికి శాస్త్రజ్ఞులు పెట్టిన గ్రీకు పేరుకు అర్థం కూడా "వెంట్రుక పళ్ళు" అనే. ఒక్కొక్క జాతి మూతి ఒక్కొక్క వృత్తికి తగ్గ పనిముట్టు. పొడవాటి ముక్కున్న జాతి రాతి పగుళ్ళలో దాగిన చిరుజీవులను పట్టుకారుతో లాగినట్టు లాగుతుంది. దారపు సీతాకోక చేప పురుగులూ, నాచూ, పగడపు ముక్కలూ ఏది దొరికితే అది తింటుంది. ముఖానికి నల్లని ముసుగున్న మరో జాతి, తక్కిన బంధువులంతా నిద్రించే వేళ, రాత్రిపూట వేటకు బయలుదేరుతుంది. మా తొట్టిలో చనిపోయిన జాతి మాత్రం సజీవమైన పగడాన్ని తప్ప మరి దేనినీ ఆహారంగా ఎరుగదు. పళ్ళెం ఆకారపు పగడాల మీదే బతుకుతూ, ఆ పళ్ళేన్నే తన సరిహద్దుగా కాపలా కాసే జాతి మరొకటి ఉంది. దాని ఒంటి మీద బాణపు మొనల వంటి గీతలు ఉంటాయి.

ఇవి జంటలుగా తిరగడం యాదృచ్ఛికం కాదు. చాలా జాతుల్లో ఒక జంట ఏళ్ళ తరబడి కలిసే ఉంటుంది. ఒక పరిమితమైన మేర తమ మేతభూమి. ఒకటి మేస్తుంటే రెండవది చుట్టూ కనిపెడుతుంది. కంటి మీది నల్లచార కన్ను ఎక్కడుందో శత్రువుకు తెలియనివ్వదు. కొన్ని జాతులకు తోక వైపున కంటి వంటి మచ్చ ఉంటుంది. వేటాడే చేప దానిని తల అని భ్రమించి అటు దూకితే, అసలు చేప ఇటు తప్పించుకుంటుంది. చీకటి పడితే పగడపు సందుల్లో ఒదిగి, రంగులు మందగించి నిద్రిస్తాయి. మేతా, నీడా, పడకా, కాపలా అన్నీ ఒక్క పగడమే. దుకాణంలో మేము కొన్నది చేపను మాత్రమే. ఇంటిని కొనలేదు, కొనగలిగేదీ కాదు.

పేర్ల వెనుక జిద్దా

ఈ చేపల పేర్లలో మన పాఠకులకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. దారపు సీతాకోక చేపను ఆధునిక శాస్త్రానికి మొదట పరిచయం చేసినవాడు పీటర్ ఫోర్స్కోల్. 1761లో డెన్మార్క్ రాజు అరేబియాకు పంపిన శాస్త్రజ్ఞుల బృందంలో ఆయన ఒకడు. ఎర్ర సముద్రపు ఒడ్డున జాలరుల వద్ద చేపలు సేకరించి, ఎండబెట్టి, కాగితాలకు అంటించి భద్రపరిచాడు. 1763లో యెమెన్‌లో జ్వరంతో మరణించాడు. బృందంలో ప్రాణాలతో తిరిగి వెళ్ళిన ఒకే ఒక్కడు కార్‌స్టెన్ నీబూర్. మిత్రుని రచనను ఆయన 1775లో అచ్చు వేయించాడు.

ఫోర్స్కోల్ ఎన్నో చేపలకు కొత్త పేర్లు కల్పించక, అరబ్బు జాలరులు పిలిచే పేర్లనే లాటిను లిపిలో రాసుకున్నాడు. కవరత్తిలో మా పడవ నీడలోకి వచ్చిన సార్జెంటు చేపల శాస్త్రీయ నామం 'అబూదెఫ్‌దూఫ్'. అందులోని 'అబూ' అరబ్బీ మాటే. ఒక చిలుక చేప పేరు 'గోబ్బాన్', ఒక సర్జన్ చేప పేరు 'సోహల్', ఒక ఎర్రచేప పేరు 'బోహర్'. ప్రపంచంలోని ఏ దేశపు శాస్త్రజ్ఞుడైనా ఈనాటికీ వాటిని ఆ పేర్లతోనే రాస్తాడు. చదువు లేని జాలరుల నోటి మాట రెండున్నర శతాబ్దాలుగా శాస్త్రంలో నిలిచి ఉంది. హజ్‌కూ ఉమ్రాకూ వెళ్ళే మనవారు దిగే జిద్దా నగరం ఆ సముద్రపు ఒడ్డునే ఉంది. ఆ నీటి కింద కూడా పగడాలున్నాయి, అక్కడ మాత్రమే కనిపించే సీతాకోక చేపల జాతులున్నాయి.

లక్షద్వీప్ చేపల విషయానికి వస్తే, ఎస్. జోన్స్, ఎం. కుమారన్ అనే భారతీయ శాస్త్రజ్ఞులు 1980లో ఒక ఉద్గ్రంథం వెలువరించారు. ఆరు వందలకు పైగా జాతులను అందులో వర్ణించారు.

ఇల్లు కట్టినవారు

మధ్యాహ్నం ఉజ్రా మసీదులో జొహర్ నమాజు చేసుకున్నాము. పైకప్పు మీది చెక్కపనిని చూస్తూ కాసేపు కూర్చున్నాము. తరువాత ఒడ్డున నడుస్తుంటే అమ్మాయి ఒక తెల్లని ముక్కను ఏరి చూపించింది. పువ్వు అచ్చులాంటి గుంటలతో నిండిన చచ్చిన పగడం. ఒక్కొక్క గుంటలో ఒకప్పుడు ఒక్కొక్క జీవి ఉండేది. దానిని పాలిప్ అంటారు. మెత్తని సంచీ, చుట్టూ చిరు చేతులు, అంతే దాని దేహం. అది సముద్రపు నీటి నుండి సున్నం తీసి తన కింద గిన్నె కట్టుకుంటుంది. దాని ఒంటిలో కంటికి కనిపించని నాచు నివసిస్తుంది. నాచు సూర్యకాంతితో వండిన ఆహారంలో చాలా భాగం పాలిప్‌కు ఇస్తుంది. పాలిప్ దానికి నీడ ఇస్తుంది. పగడానికి రంగు ఆ నాచు వల్లనే. గుండ్రాయి వంటి పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగుతుంది. మా అమ్మాయి ఎత్తున్న పగడానికి నూరేళ్ళ పైనే వయసు.

కాళ్ళ కింది తెల్లని ఇసుక కూడా ఆ కుటుంబానిదే. చిలుక చేప చచ్చిన పగడపు రాతిని నాచు కోసం కొరికి, నమిలి, పిండి చేసి, సున్నపు పొడిని ఇసుకగా విసర్జిస్తుంది. మాల్దీవులలోని వక్కరు ద్వీపం వద్ద కొత్తగా తయారయ్యే ఇసుకలో 85 శాతానికి పైగా చిలుక చేపల పుణ్యమేనని 2015లో ప్రచురితమైన పరిశోధన లెక్క కట్టింది. లక్షద్వీప్ దీవులూ అదే సున్నపు గుల్లతో, పగడపు ఇసుకతో పోగైనవే. ఈ సంగతి విన్న దాదీ చెప్పులు విడిచి నాలుగడుగులు నడిచారు.

ఇక్కాతో మళ్ళీ మాట కలిపాము. "ఈ ముక్క మా అమ్మాయి ఇంటికి తీసుకుపోవచ్చా?" అని అడిగాము. ఆయన నవ్వుతూనే తల అడ్డంగా ఊపారు. దిబ్బలు కట్టే పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పిస్తోంది. అమ్మాయి ముక్కను తిరిగి ఇసుకలో పెట్టేసింది.

"1998లో నాకు ఇరవై దాటింది" అని ఇక్కా చెప్పసాగారు. "ఆ వేసవిలో లగూన్ నీళ్ళు స్నానానికి కాచినట్టు ఉండేవి. ఒకనాడు చూస్తే పగడాలన్నీ తెల్లగా, సున్నం వేసిన గోడల్లా ఉన్నాయి. బాగుందే అనుకున్నాము, మాకేం తెలుసు? కొన్నాళ్ళకు ఆ తెలుపు మీద పాచి పట్టింది. తరువాత కొమ్మలు విరిగి పడ్డాయి. ఈ జంట చేపలు చాలా ఏళ్ళు కనబడలేదు."

కల్పేని: ఖాళీ ఇళ్ళు

ఇక్కా చెప్పినది మరునాడు కల్పేనిలో మేమే చూశాము. కల్పేని లగూన్ విశాలమైనది. తూర్పు, ఆగ్నేయ తీరాలలో పగడపు రాళ్ళ పెద్ద గట్టు ఒకటుంది. 1847 నాటి ఘోరమైన తుపాను విసిరిపోసిన రాళ్ళు అవి. దిబ్బ ఎంత అడ్డు నిలిచినా సముద్రం తలచుకుంటే ఏమి చేయగలదో ఆ గట్టు గుర్తు చేస్తుంది.

ముఖానికి అద్దాలూ, ఊపిరి గొట్టమూ తగిలించుకుని అమ్మాయితో పాటు నీటిలోకి దిగాము. మొదట ఎదురైన పగడాలు బూడిద రంగులో ఉన్నాయి. ఆకారం చెక్కుచెదరలేదు. కొమ్మలున్నాయి, పళ్ళేలున్నాయి. కానీ ప్రాణం లేదు. పైన నాచు తివాచీలా పరచుకుంది. సర్జన్ చేపలు, చిలుక చేపలు అక్కడా మేస్తున్నాయి. వీపు రెక్క నుండి దారం వేలాడే సీతాకోక చేపలు రెండు కనిపించాయి. మా చేపలు మాత్రం లేవు. చేతులు నొప్పి పుట్టేదాకా ఈది, రంగులు మిగిలి ఉన్న పగడపు గుబురు ఒకటి చేరాక గానీ ఒక జంట కంటపడలేదు. ఆ గుబురు మా ముందు గది కంటే పెద్దదేమీ కాదు. దాని అంచు దాటి ఆ జంట బయటికి రాలేదు.

సముద్రపు నీరు ఆ ప్రాంతపు మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ అధికమై కొన్ని వారాలు నిలిస్తే చాలు, పగడం తట్టుకోలేదు. తనలోని నాచును బయటికి నెట్టేస్తుంది. రంగు పోయి తెల్లబారుతుంది. వేడి త్వరగా తగ్గితే నాచు తిరిగి చేరవచ్చు, లేకుంటే ఆకలితో పగడం చనిపోతుంది. లక్షద్వీప్‌లో ఇది 1998లో, 2010లో, 2016లో జరిగింది. 2024లోనూ పెద్ద ఎత్తున తెల్లబారాయి. అగట్టి, కద్మత్, కవరత్తి దిబ్బలను 1998 నుండి 2022 వరకు పరిశీలించిన శాస్త్రజ్ఞులు, సజీవ పగడాల విస్తీర్ణం ఆ కాలంలో సుమారు సగానికి తగ్గిందని తేల్చారు. దెబ్బ తిన్న దిబ్బ కోలుకోగలదు, కానీ రెండు వేడిగాలుల నడుమ దానికి తగినంత వ్యవధి దొరకాలి. ఆ వ్యవధే తరిగిపోతోంది.

దిబ్బ రోగం పాలైనప్పుడు ఆ సంగతి ముందుగా తెలియజేసేది సీతాకోక చేపలే. అన్నీ తినే జాతి ఎలాగో నెట్టుకొస్తుంది. పగడమే అన్నమైన జాతి మొదట చిక్కిపోతుంది, పిల్లలు తగ్గుతాయి, తరువాత కనబడకుండా పోతుంది. అందువల్ల వీటి సంఖ్యను లెక్కిస్తే దిబ్బ నాడి చూసినట్టేనని హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన ఎర్న్‌స్ట్ రీస్ ప్రతిపాదించాడు. మా తొట్టిలో పదమూడు రోజుల్లో జరిగినదే ఆ బూడిద రంగు దిబ్బల మీద నెలల తరబడి జరిగి ఉంటుంది. ఇక్కడ మేత మార్చినది మేము. అక్కడ నీటిని వేడెక్కించినది ఎవరో ఒక్కరు కాదు. మన వాహనాల పొగా, మన విద్యుత్తు కోసం కాలిన బొగ్గూ అందులో ఉన్నాయి.

మినికాయ్: చిన్న చేప, పెద్ద చేప

చివరి మజిలీ మినికాయ్. అక్కడి భాష మహల్, కుడి నుండి ఎడమకు రాసే తానా లిపి. 1885 నాటి దీపస్తంభం ఎక్కి చూస్తే దీవి మొత్తం నెలవంకలా కనిపిస్తుంది. మినికాయ్ ప్రజల జీవనాధారం టూనా చేప. వలతో గాక గాలపు కర్రలతో ఒక్కొక్క చేపను పట్టే పద్ధతి వారి పూర్వికుల నుండి వచ్చింది. ఉడకబెట్టి, పొగబెట్టి, ఎండబెట్టిన టూనాను 'మాస్' అంటారు. రాయిలా గట్టిపడి నెలల తరబడి నిలువ ఉంటుంది. దాదీ ఒక పొట్లం కొన్నారు.

అక్కడి ఒక జాలరి ఇంటి అరుగు మీద కూర్చున్నప్పుడు మాకు తెలియని సంగతి ఒకటి తెలిసింది. టూనా దొరికేది బయటి లోతు సముద్రంలో. కానీ దానిని పడవ దగ్గరకు రప్పించడానికి బతికి ఉన్న చిరుచేపలను ఎరగా చల్లాలి. ఆ చిరుచేపలను తెల్లవారుజామున లగూన్‌లోనే పట్టి, పడవ అడుగున నీటి గదిలో ప్రాణంతో ఉంచి తీసుకుపోతారు. వాటిలో కొన్ని పగడపు కొమ్మల నడుమ దాగి బతికే నీలి ఆకుపచ్చ చేపలు. "పగడం లేకపోతే ఎర లేదు, ఎర లేకపోతే టూనా లేదు, టూనా లేకపోతే మాకు పొయ్యి వెలగదు" అన్నాడు ఆ జాలరి. రంగుల చేపలను మేము ఇంటి అలంకారంగా చూశాము. వారికి ఆ రంగుల వెనుక పొయ్యి ఉంది.

నేల సంగతీ అంతే. బంగారం అటోల్‌లో పరాలి-1 అనే నిర్జన ద్వీపం ఒకటి ఉండేది. అది పూర్తిగా కోతకు గురై కనుమరుగైందని 2017లో ఒక అధ్యయనం వెల్లడించింది. దిబ్బ బతికి పెరుగుతూ ఉంటేనే అలలకు అడ్డు, ఇసుకకు పుట్టుక. మినికాయ్ నుండి ఓడ కదిలినప్పుడు ఒడ్డున చేతులు ఊపిన పిల్లలను చూసి దాదీ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ పిల్లల ఇల్లు కూడా ఆ చిన్న జీవి కట్టినదేనన్నమాట" అన్నారు.

వెళ్ళదలచినవారికి

లక్షద్వీప్ యాత్రకు అక్టోబరు నడుమ నుండి మే నడుమ వరకు అనువైన కాలం. తరువాత వర్షాలతో సముద్రం పోటెత్తుతుంది. అనుమతి పత్రానికి ముందుగానే దరఖాస్తు చేసుకోవాలి. నీటిలోకి దిగితే పగడం మీద నిలబడరాదు, చేతితో తాకరాదు. ఒక్క పాదం మోపితే ఏళ్ళ పెరుగుదల విరిగిపోతుంది. గవ్వలైనా, పగడపు ముక్కలైనా అక్కడే వదిలి రావాలి. పెద్దవారికి ఈత రాకపోతే అద్దపు పడవ ఉంది. కవరత్తిలో సముద్రపు చేపల ప్రదర్శనశాల కూడా ఉంది. ఇంట్లో అద్దాల తొట్టి పెట్టాలనుకునే తల్లిదండ్రులు, ఆ చేప ఏం తింటుందో దుకాణదారును అడగడంతో ఆగక తామే తెలుసుకోవాలి. సజీవ పగడమే ఆహారమైన చేపను ఎంత ప్రేమగా పెంచినా ఆకలితో చంపడమే అవుతుంది.

తిరిగి వచ్చిన నెలకు అదే దుకాణం మీదుగా వెళ్ళాము. తొట్టిలో అవే పసుపు మేనులు, ఊదా గీతలు. అమ్మాయి మా చేయి విడిపించుకుని లోపలికి నడిచింది.

"అంకుల్, ఇవి ఏం తింటాయి?"

"ఏదైనా తింటాయమ్మా."

"తినవు. మావి తినలేదు. ఇవి పగడం మాత్రమే తింటాయి. మేము చూసి వచ్చాము."

ఆయన అమ్మాయి వైపు, తరువాత మా వైపు చూశాడు. "అడిగేవాళ్ళు ఉన్నారు గనుక తెప్పిస్తాము సార్" అన్నాడు మెల్లగా. ఆ మాటకు మేము బదులు పలకలేదు. రెండేళ్ళ క్రితం అడిగినవాళ్ళం మేమే.